గుర్తు మీద మనిషి

లాంతరు రాయి దగ్గరికి ఏ బండి వెళ్ళినా, తిరిగి బయల్దేరేముందు అందరి పేర్లూ పిలవాలి. కార్వర్ వెల్స్ ఊళ్ళో ఈ పద్ధతి ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు, ఎవరూ మరిచిపోరు. బండి నడిపే మనిషి వెనక్కి తిరిగి ఒక్కొక్కరి ముఖం చూసి పేరు పిలుస్తుంది. పిలిపించుకున్నవాళ్ళే "ఉన్నా" అనాలి. పక్కనున్నవాళ్ళు ఉన్నాడనో ఉందనో అందించకూడదు. చంటిబిడ్డని తెచ్చినా తల్లి పలకడానికి లేదు, బిడ్డ కుయ్యిమనేదాకా బండి కదలదు. బయటి ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు ఇదేదో వేడుక అనుకుని నవ్వుతారు. నవ్వనీ, నవ్వితే పోయేదేముంది.

ఆ అక్టోబరు సాయంత్రం మామూలుగానే మొదలైంది. లవోన్, మార్వా ఇద్దరూ ఊరి చివర హోటల్లో కిటికీ పక్కన కూర్చుని, ఒకే పళ్ళెంలో ఆపిల్ పై అనే తీపి రొట్టె పెట్టుకుని చెరోవైపు నుంచీ తింటున్నారు. ఇద్దరికీ అరవై దగ్గర పడింది. ఒకే బడి, ఒకే బెంచీ, పెళ్ళిళ్ళు కూడా ఒకే ఏడు. ఇరవై ఏళ్ళ నుంచి ఒకే జీపు. ఒకప్పుడు గుర్రాల సినిమాలు తీసిన ఎర్రరాళ్ళ మధ్య జనాన్ని తిప్పి చూపించడం వాళ్ళ పని. మార్వా బండి నడుపుతుంది, లవోన్ కబుర్లు చెబుతుంది.

"పైన పెళుసంతా నువ్వే లాగించావు. నాకు గుజ్జు మిగిల్చావు," అంది లవోన్.

"నీకు పళ్ళెక్కడేడిశాయే పెళుసు తినడానికి."

"నా పళ్ళ ఊసు నీకెందుకు? కాఫీ తాగు, చల్లారిపోతోంది."

మార్వా కప్పు ఎత్తింది కానీ తాగలేదు. ఈ మధ్య ఆమెకి నవ్వు తగ్గింది, నిద్ర తగ్గింది, మనిషి సగమైంది. ఎందుకో లవోన్‌కి తెలుసు. కూతురు బ్రిన్ గురించి బెంగ.

లవోన్‌కి పిల్లల్లేరు. భర్త గార్త్ పోయాక ఆమెకి ఈ లోకంలో నా అన్నవాళ్ళు మార్వా, బ్రిన్, అంతే. బ్రిన్ పుట్టినప్పుడు మొదట ఎత్తుకున్నది కూడా లవోనే. ఆ పిల్ల ఆమెని పిన్నీ అంటుంది. అనేది. ఏప్రిల్లో ఒక సాయంత్రం తల్లితోపాటు జీపులో సరదాగా లాంతరు రాయికి వెళ్ళొచ్చిందగ్గర నుంచీ ఆ పిల్ల నోట పిన్నీ అన్న మాట వినలేదు. గంటకోసారి కాఫీ తాగే పిల్ల కాఫీ వాసనకి ముఖం తిప్పుకుంటోంది. జుట్టు నడిమి పాపిడి తీసి పాతకాలం వాళ్ళలా చెవుల మీదికి చుట్టుకుంటోంది. కూర్చోమంటే కూర్చోదు. వంటగది మధ్యలో రెండు పాదాలూ కలిపి, గడ్డం కొంచెం ఎత్తి, అలా నిలబడే ఉంటుంది. లైటు వేస్తే ముఖం లైటు వైపు తిప్పుతుంది.

"థైరాయిడ్ అట," అంది మార్వా అప్పట్లో. లవోన్ సరేనంది. ఈ పిల్ల బ్రిన్ కాదే అన్న మాట ఎన్నోసార్లు నాలుక చివరిదాకా వచ్చింది. తల్లి ముందు ఆ మాట ఎలా అంటుంది? మింగేసింది.

ఇప్పుడు కూడా మార్వా చెయ్యి పట్టుకుని, "చూడవే, బ్రిన్‌కి ఏం కావాలన్నా నాకు చెప్పు. డాక్టరైనా, ఇంకేదైనా. మొహమాటపడకు," అంది.

మార్వా ఆమె చేతి వంక చూసింది. ఏదో అనబోయింది. "ఏం లేదులే," అని చెయ్యి వెనక్కి తీసుకుంది.

అంతలో ఆ పూట యాత్రికులు వచ్చారు. షికాగో వాళ్ళు, పెద్ద వయసు దంపతులు. ఆయన డెస్మండ్, ఆవిడ ఐలీన్. ఆయన సంచీలో సినిమా బొమ్మలు బొత్తిగా ఉన్నాయి. దేశమంతా తిరిగి, బొమ్మలో కథానాయిక ఎక్కడ నిలబడిందో కనిపెట్టి, సరిగ్గా అక్కడే పెళ్ళాన్ని నిలబెట్టి ఫోటో తీయడం ఆయనకి పిచ్చి.

"న్యూయార్కులో వంతెన కింద వానలో నిలబెట్టాడమ్మా," అంది ఐలీన్ జీపు ఎక్కుతూ. "శాన్‌ఫ్రాన్సిస్కోలో మెట్లెక్కించి మోకాళ్ళు అరగదీశాడు. లాస్ ఏంజిలిస్‌లో ఎవరిదో ఇంటి ముందు నిలబెడితే ఆ ఇంటివాళ్ళు పోలీసుల్ని పిలిచారు. ముందే తెలిసుంటే ఈయన్ని చేసుకునేదాన్ని కాదు."

"ఇదే ఆఖరు," అన్నాడు డెస్మండ్. "ఈ ఒక్కటీ అయితే ఇంక ఇంట్లో కూర్చుంటా."

"విన్నావా? ప్రతి ఊళ్ళోనూ ఇదే మాట."

లవోన్ నవ్వింది. ఆయన చేతిలో బొమ్మ చూశాక ఆ నవ్వు కాస్త తగ్గింది. నలుపు తెలుపు బొమ్మ. లాంతరు రాయి, దాని ముందు తెల్ల గౌను వేసుకున్న అమ్మాయి, ముఖం మీద చివరి ఎండ. ఆ రాయి ముందు నేల మీదుండే గుర్తు మీద నిలబడి తీసిన బొమ్మ.

దారిలో ఆమె వాళ్ళకి అన్నీ చూపించింది. దొంగల బండి బోల్తా కొట్టిన వాగు, ఉత్తుత్తి బ్యాంకు ఉండే చదును, గుర్రాలు నీళ్ళు తాగే మడుగు. మధ్యాహ్నం చిన్న జల్లు పడి వెళ్ళింది, చిట్టి పొదల ఘాటు వాసన లేస్తోంది. తను చెప్పే ప్రతి కబురుకీ మార్వా ఎప్పుడూ ఒక ఎత్తిపొడుపు విసిరేది. ఈ పూట ఒక్క మాట లేదు. రోడ్డు వంకే చూస్తూ నడిపింది.

ఆ గుర్తు కబురు మటుకు లవోన్ చెప్పలేదు. యాత్రికులకి చెప్పే కబురు కాదది.

సినిమా తీసేటప్పుడు కెమెరా, దీపాలు సర్దుకోవడానికి చాలాసేపు పడుతుంది. అంతసేపూ కథానాయిక ఎండలో నిలబడదు కదా. ఆమె ఎత్తూ ఒళ్ళూ ఉన్న ఇంకో పిల్లని నిలబెడతారు. ఎక్కడ నిలబడాలో నేల మీద ఒక గుర్తు పెడతారు, ఇక్కడైతే నాలుగు రాళ్ళు పేర్చారు. ఇంకొకరు వచ్చి ఆ చోటు తీసుకునేదాకా ఆ పిల్ల కదలకూడదు, అదే ఆమె ఉద్యోగం. అమ్మమ్మల కాలంలో ఇక్కడ తీసిన సినిమాకి ఊళ్ళో రొట్టెలు కాల్చే ఆయన కూతురు ఒరీటాని అలా పెట్టుకున్నారు. ఆఖరి రోజు ఇసుక గాలి లేచింది. కథానాయికని కారెక్కించి పంపేశారు. మిగిలినవాళ్ళని లారీల్లో ఎక్కించి పేర్లు పిలిచారు. "ఒరీటా?" అంటే, ఆమె నేస్తం ఒకతి, "ఉంది, వెనక పడుకుంది," అంది. ఎందుకందో ఆమెకే తెలియాలి. వెటకారమో, కడుపుమంటో. లారీలు వెళ్ళిపోయాయి. మర్నాడు వెళ్ళి చూస్తే గుర్తు మీద రెండు చెప్పులు పక్కపక్కనే ఉన్నాయి. మనిషి లేదు. ఇవాల్టిదాకా దొరకలేదు.

అందుకే పేర్లు పిలవడం. అందుకే ఆ గుర్తు మీద ఎవరినీ నిలబడనివ్వరు. పొరపాటున ఎవరైనా నిలబడితే, తనవాళ్ళెవరో ఎదురుగా వచ్చి ముఖం చూసి పేరు పిలవాలి, అప్పుడే దిగాలి. ఏప్రిల్లో బ్రిన్ ఆకతాయితనంగా దాని మీదికెక్కి నిలబడింది. మార్వా ఫోన్‌లో మాట్లాడుతూ, వెనక్కి తిరిగి చూడకుండా, "బ్రిన్, ఎక్కావా?" అంది. వెనక సీట్లోంచి "ఉన్నా" అని వినిపించింది. బండి నడిపేసింది. ఈ సంగతి ఆమె ఆ రాత్రే ఏడుస్తూ చెప్పింది లవోన్ ఒక్కదానికే, మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

లాంతరు రాయి చేరేసరికి పొద్దు వాలింది. చుట్టూ కొండల్లో చీకటి పడినా ఆ ఒక్క రాయి పైభాగం ఎర్రగా వెలుగుతుంది, లోపల దీపం పెట్టినట్టు. డెస్మండ్ బొమ్మ ముఖానికి ఎదురుగా పట్టుకుని, ఒక కన్ను మూసి, వెనక్కీ ముందుకీ అడుగులేస్తూ తెగ హడావిడి పడ్డాడు. చివరికి, "అదిగో, ఆ రాళ్ళ దగ్గరే," అన్నాడు. ఐలీన్ ఉస్సురంటూ అటు నడిచింది.

లవోన్ పరుగెత్తింది. ఆవిడ కాలు ఎత్తేలోపే రెక్క పట్టుకుని పక్కకి లాగింది.

"ఇక్కడ వద్దమ్మా. ఇటు పక్కన నిలబడండి, ఇక్కడ పాములుంటాయి."

"పాములా? ముందే చెబితే నేనసలు దిగేదాన్ని కాదు," అంది ఐలీన్.

డెస్మండ్ ముఖం వాడిపోయింది. "పక్కన నిలబడితే కుదరదండీ. నీడ సరిపోదు. నలభై ఏళ్ళ నుంచి అనుకుంటున్నా."

అప్పుడు మార్వా మాట్లాడింది. హోటల్ దగ్గర నుంచీ అదే మొదటి మాట.

"లవోన్, ఒక పని చెయ్యి. నువ్వు నిలబడు గుర్తు మీద. ఆయన కెమెరా సర్దుకుంటాడు. ఆవిడ నీ ముందు ఒక్క అడుగులో నిలబడుతుంది. నువ్వు ఆవిడ చాటునుంటావు, ఫోటోలో తేడా తెలీదు."

లవోన్ తెల్లబోయింది. దగ్గరికి వెళ్ళి గొంతు తగ్గించింది. "మతుండే మాట్లాడుతున్నావా?"

"ఆయన వదిలేలా లేడు. మనం అటు తిరిగితే చాలు, ఆవిడని తీసుకెళ్ళి దాని మీదే నిలబెడతాడు. అప్పుడేం చేస్తావు?"

అది నిజమే. ఆయన అప్పుడే ఆ రాళ్ళ వంక ఆశగా చూస్తున్నాడు.

"నాకు భయంగా ఉందే."

"నేను పిలుస్తాగా," అంది మార్వా. "ఎదురుగా వచ్చి, ముఖం చూసి పిలుస్తా. నేనున్నాగా ఇక్కడ."

ఆ మాట అన్నప్పుడు ఆమె లవోన్ ముఖం చూడలేదు, జాకెట్ మీద గుండీ చూసింది. అది లవోన్‌కి తర్వాత గుర్తొచ్చింది. అప్పుడు మటుకు ఒకే సంగతి తోచింది. పక్కనున్నది మార్వా. గార్త్ పోయిన నెలంతా తన మంచం పక్కనే పడుకున్న మార్వా. ఊరుకాని ఊరునుంచి వచ్చిన ఆవిడకి ఏమైనా జరగడం కన్నా, మార్వా ఎదురుగా ఉండగా తను ఒక్క నిమిషం నిలబడటం మేలు కదా.

వెళ్ళి రాళ్ళ మీద నిలబడింది.

ఏమీ కాలేదు. గాలి వీస్తోంది. ఎక్కడో నక్క అరిచింది. ఐలీన్ ఆమె ముందుకొచ్చి నిలబడి నడుం మీద చెయ్యి వేసుకుంది. "ఇలాగేనా? ఆ పిల్లకి నడుం ఉంది, నేనెక్కణ్ణుంచి తేను?" అంది. డెస్మండ్ కెమెరా వెనక వంగాడు.

గాలి ఆగింది.

తగ్గడం కాదు, ఆగింది. కీచురాళ్ళు ఆగాయి. ఐలీన్ ఏదో అంటోంది, పెదాలు కదులుతున్నాయి కానీ మాట వినపడటం లేదు. పొదల వాసన పోయింది. దాని బదులు ఇంకేదో... వేడెక్కిన ఇనుము వాసన. పెద్ద దీపాల మీద దుమ్ము కాలే వాసన. ఆ వెనకాల గులాబీ పౌడరు వాసన, పాతది, పెట్టెలో ముక్కిపోయింది.

ముఖం మీద వెలుగు పడింది. సూర్యుడు కొండ వెనక్కి దిగిపోయాడు. అయినా తెల్లగా, వేడిగా, కళ్ళు చెదిరేలా వెలుగు.

"గడ్డం ఎత్తు," అంది ఎవరిదో గొంతు, వెనక నుంచి.

లవోన్ ఎత్తలేదు. గడ్డం అదే లేచింది.

"కొంచెం ఎడమకి... చాలు. కదలకు."

కాలు తీద్దామనుకుంది. పాదాలు తనవి కానట్టున్నాయి. అరికాలు లేవడం లేదు. మార్వా. మార్వా ఎక్కడ? వెలుగు అవతల చీకట్లో ఒక ఆకారం కనిపించింది, జీపు పక్కన. అటు తిరిగి నిలబడి ఉంది.

పిలవవే... ఇంక పిలువు. చాలు.

అప్పుడు ఎడమ చెవి దగ్గర ఎవరో ఊపిరి తీసుకున్నారు. ఆ ఊపిరి లవోన్ ఎరుగును. చిన్నప్పుడు ఆ పిల్లకి ఆయాసం ఉండేది. రాత్రులు లవోనే ఒళ్ళో వేసుకుని కూర్చునేది.

"పిన్నీ."

"బ్రిన్?"

"క్షమించు పిన్నీ... కాళ్ళు నొప్పి పుడుతున్నాయి. ఏప్రిల్ నుంచీ నిలబడే ఉన్నా."

"అమ్మలూ... ఎక్కడున్నావు?"

"ఇక్కడే. మీరు వచ్చిన ప్రతిసారీ ఇక్కడే. నువ్వు కబుర్లు చెబుతుంటే విన్నా. అరిచా. నీకు వినపడలేదు."

లవోన్‌కి గుండె నీరైంది. చెయ్యి చాపి ఆ పిల్లని పట్టుకోవాలనిపించింది, చెయ్యి లేవలేదు. "ఉండు, మీ అమ్మ వస్తుంది. ముఖం చూసి పిలుస్తానంది. ఇద్దరం దిగుదాం."

ఆ ఊపిరి ఇంకా దగ్గరికొచ్చింది.

"అమ్మకి నేనే చెప్పా పిన్నీ. పోయిన వారం ఒక్కతే వచ్చి చాలాసేపు ఏడ్చింది. అప్పుడు నా మాట వినపడింది. ఒకరొస్తేనే ఒకరు దిగాలట. ఎవరినో తెస్తే కుదరదని చెప్పా. కావాలని నిలబడాలి, నమ్మి నిలబడాలి." ఊపిరి తడబడింది. "నిన్నే తెస్తుందనుకోలేదు... అనుకున్నా."

వీపు మీద ఏదో చల్లగా తగిలింది. తడిబట్ట ఒంటి మీంచి లాగినట్టు, ఒక్కసారి. నొప్పి లేదు. ఖాళీగా ఉంది, అంతే.

వెలుగు ఆరిపోయింది. కీచురాళ్ళు మళ్ళీ మొదలయ్యాయి. డెస్మండ్ గొంతు వినిపించింది, "అబ్బ, వచ్చింది, సరిగ్గా వచ్చింది." ఐలీన్ చేతులు రుద్దుకుంటూ, "పద, చలి," అని జీపు వైపు నడుస్తోంది. ఆమె వెనకే ఇంకో మనిషి నడుస్తోంది. గోధుమరంగు జాకెట్, మోచేతి దగ్గర మాసిక. వీపు మీద నెరిసిన జడ. నడక తడబడుతోంది, చాలాకాలానికి నడుస్తున్నట్టు.

ఆ మాసిక లవోన్ వేసిందే. జాకెట్ గార్త్‌ది, ఈ పూట తను వేసుకొచ్చింది.

లవోన్ తన చేతుల వంక చూసుకుంది. ఇసుక కనిపించింది.

వాళ్ళు జీపు ఎక్కారు. మార్వా తన సీట్లో కూర్చుంది. పద్ధతి ప్రకారం వెనక్కి తిరిగింది. బండిలో చిన్న దీపం వెలిగింది, ముఖాలన్నీ కనిపిస్తున్నాయి.

"డెస్మండ్?"

"ఉన్నా."

"ఐలీన్?"

"ఉన్నానమ్మా, ప్రాణాలతోనే ఉన్నా."

మార్వా ఆగింది. స్టీరింగు పట్టుకున్న వేళ్ళు బిగిశాయి. ఆమె తల ఎత్తి జీపు కిటికీ అద్దంలోంచి ఇటు చూసింది. సూటిగా గుర్తు వైపు, చీకట్లోకి. ఏమీ కనిపించి ఉండదు. అయినా చూసింది. పెదాలు కదిలాయి. ఏమందో లవోన్‌కి వినపడలేదు.

ఇంకా టైముంది. దిగి రావే. నాలుగడుగులు, ఎదురుగా వచ్చి పిలువు. మాట ఇచ్చావు కదే.

మార్వా చూపు పక్క సీటు వైపు తిప్పుకుంది.

"లవోన్?"

లవోన్ నోరు తెరిచింది. ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి అరిచింది. గొంతులోంచి ఏమీ రాలేదు, గాలి కూడా రాలేదు.

జీపులోంచి పలికింది ఆ గొంతు. కొంచెం బొంగురుగా, ఇరవై ఏళ్ళు కబుర్లు చెప్పి అరిగిపోయిన గొంతు. లవోన్ గొంతు.

"ఉన్నా, అమ్మా."

మార్వా రెండు చేతులతో ముఖం మూసుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. "నా తల్లే," అంటోంది, "నా బంగారు తల్లే." నెరిసిన జడ మనిషి ఆమె భుజం మీద తల పెట్టింది.

డెస్మండ్ తెల్లబోయి, "మీరిద్దరూ తల్లీకూతుళ్ళా?" అన్నాడు.

"అవును," అంది మార్వా.

బండి స్టార్టయింది. వెనక ఎర్రదీపాలు రాళ్ళ మధ్య వంకర తిరిగి, ఒకసారి కనిపించి, మళ్ళీ మాయమయ్యాయి. ఆ తర్వాత చప్పుడు కూడా పోయింది.

చీకటి పూర్తిగా దిగింది. చలి తెలుస్తోంది కానీ వణుకు రావడం లేదు, వణకడానికి ఒళ్ళు లేదు. కాళ్ళు మటుకు నొప్పి పుడుతున్నాయి. లేని కాళ్ళు నొప్పి పుట్టడమేమిటో. ఆ పిల్ల నిజమే చెప్పింది.

లవోన్‌కి భయం కన్నా ముందు ఏడుపొచ్చింది. ఇంతకన్నా అన్యాయం ఉందా. హోటల్లో చెయ్యి పట్టుకుని అడిగింది కదా, ఏం కావాలో చెప్పవే అని. చెప్పి ఉంటే... బ్రిన్ అక్కడ నిలబడి ఉంది, దాన్ని దింపాలి, నువ్వు నిలబడతావా అని ఒక్క మాట అడిగి ఉంటే, తను ఏడ్చేది, తిట్టేది, రెండు రోజులు ముఖం చూపించేది కాదు. మూడో రోజు వచ్చి నిలబడేది. నిలబడే ఉండేది. ఆ పిల్లని మొదట ఎత్తుకున్నది తనే. మార్వాకి ఆ మాత్రం తెలీదా? ఇన్నేళ్ళు ఒకే పళ్ళెంలో తిని, ఆ మాత్రం తెలీలేదా దానికి? నేను పిలుస్తాగా అని, గుండీ వంక చూస్తూ...

అది గొంతు కోయడం కాదా మరి.

ఇంటికి వెళ్ళి ఉంటారు ఈపాటికి. వంటగదిలో రెండోది ఉంటుంది, ఒరీటా. బ్రిన్ ముఖం పెట్టుకుని, నడిమి పాపిడి తీసుకుని, పాదాలు కలిపి. మార్వా దాన్నేం చేస్తుంది? అది వీళ్ళని ఏం చేస్తుంది? లవోన్ ఆ ఆలోచన పూర్తి చేయలేకపోయింది.

ఎందుకంటే పక్కన చప్పుడైంది.

టక్.

రాయి మీద రాయి పెట్టిన చప్పుడు.

కాసేపు ఆగి... టక్.

ఎవరో వంగి, తొందర లేకుండా, ఒక్కో రాయీ ఏరుకొచ్చి సర్దుతున్నారు. అడుగుల చప్పుడు లేదు. ఊపిరి లేదు. గులాబీ పౌడరు వాసన కూడా లేదు. ఒరీటా కాదు. బ్రిన్ వెళ్ళిపోయింది. ఇంకెవరు?

చంద్రుడు కొండ దాటి వచ్చాడు. లవోన్ చూడగలిగినంత మేర చూసింది. తన గుర్తుకి ఎడమపక్క, చెయ్యి చాపితే అందేంత దగ్గర, ఇంకో గుర్తు ఉంది. కొత్తది. నాలుగు రాళ్ళు, నీటుగా పేర్చినవి. సాయంత్రం అక్కడ అది లేదు. దాని చుట్టూ ఇసుక చెక్కుచెదరలేదు.

ఎదురుగా, సాయంత్రం డెస్మండ్ కెమెరా పెట్టిన చోటు నుంచి, ఎవరో పేరు పిలిచారు. పద్ధతి ప్రకారం, నిదానంగా, ఆడో మగో తెలియని గొంతుతో.

"మార్వా?"

రాళ్ళ మధ్య ఆ పేరు తిరిగి ఆగిపోయింది. ఎవరూ పలకలేదు. పలకాల్సిన మనిషి ఇక్కడ లేదు, ఊళ్ళో తన ఇంట్లో ఉంది.

"మార్వా?"

ఒకరి బదులు ఇంకొకరు పలక్కూడదు. ఉందని అందించకూడదు, అందిస్తే ఒరీటాలా ఆ మనిషి గుర్తు మీదే మిగిలిపోతుంది. కార్వర్ వెల్స్‌లో పుట్టిన ప్రతి బిడ్డకీ అది తెలుసు. లవోన్ పెదాలు బిగించింది. ఆ పళ్ళెం, ఆ కాఫీ కప్పు, ఆ గుండీ వంక చూపు, అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందు తిరిగాయి.

మూడోసారి పిలవడానికి ఆ గొంతు ఆగింది. వింటోంది.

లవోన్ గొంతు సవరించుకుంది. ఆ చప్పుడు బయటికి వినిపించింది.